వవో ఊరికి వెళ్లొచ్చాం

గురువారం, న్యూ బెడ్‌ఫర్డ్

బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి మసాచూసెట్స్ రాష్ట్రంలోనే ఉన్న న్యూ బెడ్‌ఫర్డ్‌కి ఇప్పుడు రైలుంది. మేం చదువుకునే రోజుల్లో లేదు. ఆరు దశాబ్దాలకు పైగా ఆగిపోయిన ఈ సర్వీసు 2025 మార్చిలో మళ్లీ మొదలైంది. టాంటన్ దాటాక చిత్తడి నేలలు, పైన్ చెట్లు, ఆ తర్వాత పాత నూలు మిల్లుల ఇటుక గోడలు వరసగా కనపడ్డాయి. "రైలొస్తుంది, రైలొస్తుంది అని పాతికేళ్లుగా వింటున్నా" అనేది వవో. తీరా అది వచ్చేసరికి ఆవిడ లేదు. ఆ చలికాలంలోనే, 81 ఏళ్ల వయసులో వెళ్లిపోయింది.

అట్లాంటిక్ మధ్యలో ఉన్న పోర్చుగల్ దీవులు అజోర్స్ నుంచి ఈ చుట్టుపక్కలకి వచ్చినవాళ్ల ఇళ్లలో అమ్మమ్మనీ నాయనమ్మనీ వవో అంటారు. మాకైతే ఆవిడ ఇంటి ఓనరు. రివెట్ స్ట్రీట్ పక్కనున్న నాలుగు వీధుల్లో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. గ్వాటెమాలా పిల్లలు, కేప్ వెర్డ్ నుంచి వచ్చిన ముసలాయన, తెనాలి దగ్గర్నుంచి వచ్చిన నేను, అందరం వవో అనే పిలిచాం.

న్యూ బెడ్‌ఫర్డ్‌కీ ఫాల్ రివర్‌కీ మధ్యలో యూమాస్ డార్ట్‌మత్ యూనివర్సిటీ ఉంది. అక్కడ ఎం.ఎస్. చేయడానికి వచ్చే మన తెలుగు పిల్లలు చాలామంది ఈ రెండు ఊళ్లలోనే గదులు చూసుకుంటారు. వవోది మూడంతస్తుల చెక్క ఇల్లు. ట్రిపుల్ డెక్కర్ అంటారు ఇక్కడ. కింద ఆవిడ, మధ్యలో గ్వాటెమాలా కుటుంబం, పైన మేం నలుగురం ఆడపిల్లలం. వాకిట్లో నల్లరాతి గట్టు మీద ఫాతిమా మాత (మేరీమాత) బొమ్మ, పెరట్లో ద్రాక్ష పందిరి, దాని కింద రెండు మడుల కేల్ ఆకుకూర.

ఇప్పటి ఈ ప్రయాణం ఒక మొక్కు కోసం. వవో పుట్టింది అజోర్స్‌లోని ఫయాల్ దీవిలో, ప్రాయా దొ నోర్తె అనే పల్లెలో. 1958లో ఊరు విడిచి పోవాల్సి వచ్చినప్పుడు వాళ్లమ్మ మొక్కుకుందట, పిల్లలు ఐదుగురూ ప్రాణాలతో బయటపడితే పవిత్రాత్మ పండక్కి ఊరందరికీ రొట్టె నేనే పెడతానని. ఆవిడ మళ్లీ ఊరు చూడలేదు. మొక్కు కూతురికి వచ్చింది. వవో మూడుసార్లు టికెట్టు కొనుక్కుంది, మూడుసార్లూ రద్దు చేసుకుంది. ప్రతిసారీ ఇక్కడ ఎవరికో ఏదో అవసరం పడింది. ఇప్పుడు ఆ మొక్కు తీర్చడానికి వవో కూతురు, మనవరాలు బయల్దేరుతున్నారు. "మా అమ్మ నీ పేరు కూడా చెప్పి వెళ్లింది, నువ్వు రావాలి" అని కూతురు ఫోన్ చేసింది. నార్త్ కరోలినాలోని రాలీలో ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చేశాను.

శుక్రవారం, అదే ఊరు

విమానం రాత్రికి. పగలంతా వవో ఇంట్లోనూ, ఆవిడ తిరిగిన చోట్లా గడిపాం.

ముందు బేస్‌మెంట్‌లోకి దిగాం. పోర్చుగీసు ఇళ్లలో చాలావరకు కింద రెండో వంటిల్లు ఉంటుంది. పైన వంటిల్లు అద్దంలా ఉంచుకుని అసలు వంటంతా కిందే చేస్తారు. వవో బేస్‌మెంట్‌లో స్టవ్ వెనకాల గోడంతా చెక్క అరలు. పరుపులు, దుప్పట్లు, చలికోట్లు, బూట్లు, గిన్నెలు. ప్రతి గిన్నె అడుగున తెల్ల టేపు ముక్క, దాని మీద వరసగా పేర్లు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లు సామాను వదిలేసి పోతారు కదా, వాటిని కడిగి, ఎండబెట్టి, తర్వాత వచ్చేవాళ్లకి ఇచ్చేది. వాళ్లు వెళ్లేటప్పుడు తమ పేరు రాసి తిరిగివ్వాలి. మా అయిదు లీటర్ల కుక్కర్ ఇంకా అక్కడే ఉంది. మాకు ముందు వాడిన నెల్లూరు అబ్బాయిల పేర్లు, తర్వాత మా నలుగురి పేర్లు, మా కింద నాకు తెలియని ఇంకో నాలుగు పేర్లు. మేం జనవరి నెలలో, మోకాలి లోతు మంచులో రెండేసి సూట్‌కేసులతో దిగాం. ఆ రాత్రికే నలుగురికీ పరుపులు, కోట్లు అమిరాయంటే ఈ అరల వల్లే.

ఎందుకింత చేస్తావని ఓసారి అడిగాను. "మేం ఈ ఊరొచ్చిన మొదటి రాత్రి పడుకున్న మంచం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు" అంది. వవో గురించి నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఆ ఒక్క మాటలోనే ఉంది. దానం చేస్తున్నానని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. తీసుకున్నది తిరిగిస్తున్నాను, అంతే. ఇచ్చినవాళ్లెవరో తెలియదు కాబట్టి ఎదురొచ్చినవాళ్లకే ఇచ్చేది.

1960లో వాళ్ల కుటుంబం వచ్చింది. పదహారు నిండగానే వవో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. నూలు మిల్లులు మూతపడ్డాక ఆ పెద్ద పెద్ద భవనాల్లో అలాంటి కుట్టు ఫ్యాక్టరీలు చాలా వెలిశాయి, వాటిలో పోర్చుగీసు ఆడవాళ్లే ఎక్కువ. ఎన్ని కుడితే అంత కూలి. కత్తిరించిన బట్ట కట్టలు కట్టలుగా వస్తుంది, ప్రతి కట్టకీ ఒక టికెట్టు. కుట్టడం అయ్యాక ఆ టికెట్టు చించి కాగితం మీద అంటించాలి. సాయంత్రం ఆ కాగితమే కూలి లెక్క. వవో కాలర్లు కుట్టేది. చేతి వేగం తక్కువున్న కొత్తవాళ్ల కట్టల్లోంచి రెండు మూడు తను కుట్టేసి, టికెట్టు మాత్రం వాళ్ల కాగితం మీదే అంటించేదని పాత స్నేహితురాలు ఒకావిడ ఈరోజు చెప్పింది. ఆవిడ ఆ కొత్తవాళ్లలో ఒకరు. యూనియన్‌లో తోటి పనివాళ్ల ప్రతినిధిగా కూడా వవో చాలాకాలం ఉందట. మాకెప్పుడూ చెప్పలేదు.

అక్కణ్నుంచి క్రాపో స్ట్రీట్‌లోని కాసా దా సౌదాదె లైబ్రరీకి నడిచాం. 1971లో పోర్చుగీసు పుస్తకాల కోసం తెరిచిన శాఖ ఇది. వవో ఊళ్లో చదివింది నాలుగో తరగతి. పోర్చుగల్ నియంత సలజార్ హయాంలో పల్లెటూరి ఆడపిల్లకి అంతకు మించి చదువు దొరకడం అరుదు. ఇక్కడికొచ్చాక రాత్రి బడికి వెళ్లి ఇంగ్లీషు నేర్చుకుంది. నేర్చుకున్నది తనకోసం ఉంచుకుంటే వవో ఎందుకవుతుంది? 1996లో అమెరికా వలస చట్టాన్ని బాగా కఠినం చేసింది. గ్రీన్ కార్డు మీదే ముప్పై ఏళ్లు గడిపేసినవాళ్లకి అప్పుడు భయం పట్టుకుంది. చంటిపిల్లలుగా వచ్చి, పెద్దయ్యాక ఏదో కేసులో శిక్షపడ్డ మగపిల్లల్ని అజోర్స్‌కి పంపేయడం మొదలైంది. వాళ్లలో కొందరికి పోర్చుగీసు సరిగ్గా మాట్లాడటం కూడా రాదు. ఆ తల్లుల ఏడుపు విన్నాక వవో తన వంటింటి బల్ల మీద పౌరసత్వం క్లాసులు మొదలుపెట్టింది. అప్పట్లో పరీక్షకి వంద ప్రశ్నలు నేర్చుకోవాల్సి ఉండేది, ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. చాలామందికి ఆ రాయడమే గండం. చేతులు వణికేవి. "పెన్ను కాదే అది, సూది. సూదిలా పట్టుకో" అని వవో వాళ్ల వేళ్లు సర్దేది. ఆ మాటతో చేతి వణుకు తగ్గడం నేను చూశాను. మేం ఉన్నప్పటికి క్లాసుల్లో పోర్చుగీసు వాళ్లు తగ్గి, గ్వాటెమాలా వాళ్లు పెరిగారు. ప్రశ్నలు అడిగే ఆఫీసరు వేషం నాది.

2007 సంగతి కూడా రాయాలి. ఆ ఏడు మార్చి 6న న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక తోలు వస్తువుల ఫ్యాక్టరీ మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసి 361 మందిని పట్టుకున్నారు. ఎక్కువమంది గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ ఆడవాళ్లు, మిషన్ల ముందు కూర్చుని కుట్టేవాళ్లే. చాలామందిని విమానాల్లో టెక్సస్‌కి తరలించారు. ఇక్కడ బళ్లలో, డేకేర్‌లలో పిల్లలు అమ్మల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. చర్చి తలుపులు తెరుచుకున్నాయి. వవో చర్చి బేస్‌మెంట్‌లో సూపు కాచి, ఇద్దరు పిల్లల్ని ఇంటికి తెచ్చుకుంది. వాళ్లమ్మ విడుదలై వచ్చేదాకా వారం పైనే తనతో ఉంచుకుంది. ఆ కుటుంబమే తర్వాత రెండో అంతస్తులోకి అద్దెకి వచ్చింది. ఆ పిల్లల్లో పెద్దవాడు ఇప్పుడు స్కాలప్ ఆల్చిప్పలు పట్టే పడవ మీద పనిచేస్తున్నాడు. పొద్దున్న మా సూట్‌కేసులు కిందకి దించింది వాడే.

ఇక మిరపకాయలు. బేస్‌మెంట్‌లో ఒక అర నిండా ఖాళీ సీసాలు చూడగానే నాకు ఏడుపొచ్చింది. సెప్టెంబర్ వచ్చిందంటే ఈ ఊళ్లో అజోర్స్ ఇళ్లన్నిటిలోనూ ఎర్ర మిరపకాయల పని. గంపల్లో కొనుక్కొస్తారు. మన పండుమిరపకాయ కంటే లావుగా, కండగా ఉంటాయి, కారం తక్కువ. వీధిలో ఆడవాళ్లంతా వవో బేస్‌మెంట్‌లో చేరేవాళ్లు. కడిగి, తుడిచి, తొడిమలు తీసి, నిలువునా చీల్చి, గింజలు దులిపేయాలి. బల్ల అంచుకి బిగించిన ఇనుప మిషనులో పైనుంచి ముక్కలు వేస్తూ పిడి తిప్పితే ముందు నుంచి ఎర్రటి ముద్ద దిగుతుంది. దాంట్లో కల్లుప్పు కలిపి బకెట్లలో పోసి, గుడ్డ కట్టి, కొన్నాళ్లపాటు రోజూ కలపాలి. నురగ ఆగాక సీసాల్లోకి ఎత్తి పైన ఆలివ్ నూనె పోస్తారు. ఏడాదంతా వాళ్ల కూరలకి, చేపలకి అదే ఆధారం. మొదటి ఏడు నేను వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. అమ్మ చూసి, "చింతపండు వెయ్యట్లేదేంటే?" అంది. రెండో ఏడు ఒక బకెట్లో చింతపండు, మెంతిపిండి, వెల్లుల్లి పడ్డాయి. వవో వేలితో తీసి నాకి చూసి, ఇంకో వేలు పెట్టి, ఆ సీసాలకి వేరే టేపు అంటించింది. ఒకటి మేడమీదకి, మిగతావి వీధిలోకి.

ఈ పని వట్టి పచ్చడి పని కాదని నాకు రెండో ఏడు అర్థమైంది. చేతులు గింజల్లో ఉన్నప్పుడు ఆడవాళ్లు మాట్లాడతారు. ఎవరి మొగుడికి పని పోయింది, ఎవరికి డాక్టరు దగ్గరికి తోడు కావాలి, ఎవరింట్లో హీటింగ్ ఆయిల్ అయిపోయింది, అన్నీ అక్కడే బయటికొచ్చేవి. వవో పెద్దగా మాట్లాడేది కాదు, వినేది. సీసాలు పంచే వంకతో ఆ ఇళ్లకే ముందు వెళ్లేది. సీసాతో పాటు ఏం పట్టుకెళ్లిందో ఎవరికీ చెప్పేది కాదు.

సాయంత్రం లోగన్ ఎయిర్‌పోర్టుకి బయల్దేరాం.

శనివారం, ఫయాల్

బోస్టన్ నుంచి అజోర్స్‌లోని పోంటా డెల్గాడాకి రాత్రి విమానంలో అయిదు గంటల్లోపే. మన వాళ్లకి అమెరికా అంటే ఎంత దూరమో తలుచుకుంటే ఈ దగ్గరితనం వింతగా ఉంటుంది. అయినా వవోకి ఆ అయిదు గంటలు 60 ఏళ్లకు పైగా దాటరానివి అయ్యాయి. అక్కడ చిన్న విమానం మారి ఓర్తాలో దిగాం. ఓర్తా ఫయాల్‌కి పట్టణం. అట్లాంటిక్ దాటే తెరచాప పడవలు ఆగే రేవు. పడవల వాళ్లు గట్టు మీద తమ పడవ బొమ్మ వేసిపోతే ప్రయాణం క్షేమంగా సాగుతుందని నమ్మకం, అందుకే రేవు గోడలన్నీ రంగుల బొమ్మలే. ఎదురుగా సముద్రం మీద పికో పర్వతం, 2,351 మీటర్లు. పోర్చుగల్ మొత్తంలో అంతకంటే ఎత్తయినది లేదు. దారి పొడవునా హైడ్రాంజియా పొదల కంచెలు. వాటి పూల రంగుని బట్టే ఫయాల్‌ని నీలి దీవి అంటారు. మేం వెళ్లేసరికి ఇంకా మొగ్గలు.

భోజనం కాగానే కపెలిన్యోస్‌కి వెళ్లాం. పచ్చటి దీవి ఉన్నట్టుండి ఆగిపోయి బూడిద రంగు నేల మొదలవుతుంది. 1957 సెప్టెంబర్ 27న, కొండ మీద తిమింగలాల కోసం కాపు కాసే మనుషులు తీరానికి కాస్త దూరంలో సముద్రం ఉడుకుతున్నట్టు కనపడితే ముందు గమనించారు. అది సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతం. 13 నెలలు ఆగుతూ సాగుతూ పేలింది. ఒకప్పుడు సముద్రపు ఒడ్డున నిలబడ్డ లైట్‌హౌస్ ఇప్పుడు కింది అంతస్తు దాకా బూడిదలో కూరుకుని, ఒడ్డుకి దూరంగా ఉంది. కొత్తగా 2.4 చదరపు కిలోమీటర్ల నేల పుట్టింది, దాన్ని సముద్రం మళ్లీ కోసుకుంటూ వస్తోంది. మనుషులెవరూ చనిపోలేదు. పొలాలు, కప్పులు, పశువుల మేత పోయాయి. 1958 మే నెలలో వచ్చిన వరస భూకంపాలు ప్రాయా దొ నోర్తెలో మిగిలిన ఇళ్లని కూలగొట్టాయి. ఆ రోజుల్నించే వవో వాళ్లమ్మ మొక్కు.

మ్యూజియం నేల కిందే కట్టారు, 2008లో తెరిచారు. బూడిద దృశ్యం చెడకూడదని అలా చేశారట. మంచి ఆలోచన. మెట్లెక్కి లైట్‌హౌస్ పైకి వెళ్తే గాలి మనిషిని తోసేస్తుంది. కూతురు కిందకి చూస్తూ, "అమ్మా మామయ్యలూ చీపుళ్లతో కప్పెక్కి బూడిద తోసేవాళ్లట, బరువుకి పెంకులు కూలిపోతాయని. పద్నాలుగేళ్ల పిల్ల" అంది. పెంకుల మీద పడ్డ వాన నీళ్లే తొట్టెలోకి, తాగడానికీ అవే. బూడిద తోయకపోతే ఇల్లూ లేదు, నీళ్లూ లేవు.

లోపల ఒక గోడ మీద వలస కథ ఉంది. 1958 సెప్టెంబర్ 2న అమెరికా అజోర్స్ శరణార్థుల చట్టం చేసింది. మసాచూసెట్స్ సెనేటర్ జాన్ ఎఫ్. కెనెడీ, రోడ్ ఐలండ్ సెనేటర్ జాన్ పాస్టోరె కలిసి తెచ్చిన చట్టం. మొదట 1,500 కుటుంబ పెద్దలకి వీసాలు, తర్వాత పొడిగించారు. దానివెనకే 1965 చట్టం వచ్చి, దేశాల వారీ పాత కోటాలు ఎత్తేసింది. దాంతో అజోర్స్ వాళ్లు ఇంకా పెద్ద సంఖ్యలో వెళ్లారు. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా దారి పట్టిందీ ఆ 1965 చట్టం తర్వాతే. వవో కుటుంబానికి తెరుచుకున్న ద్వారం పక్కనే మా వాళ్లకీ ద్వారం తెరుచుకుందని ఆ గోడ ముందు నిలబడితే తెలిసింది. కెనెడీ ఫోటో వవో వంటింట్లో ఏసుక్రీస్తు పక్కనే ఎందుకు ఉండేదో కూడా.

ఫయాల్‌లో ఇప్పుడు సుమారు 14 వేలమందే. ఊళ్లలో మూసిన తలుపులు చాలా కనపడ్డాయి.

ఆదివారం, ప్రాయా దొ నోర్తె

ఈస్టర్ నుంచి లెక్కేస్తే యాభయ్యో రోజు. పవిత్రాత్మ పండగ. అజోర్స్ వాళ్లకి క్రిస్మస్ ఎంతో ఇదీ అంతే, కొన్ని ఊళ్లలో ఇంకా ఎక్కువ. దీని మూలం పోర్చుగల్ రాణి ఈజబెల్ అని చెబుతారు. 1271 నుంచి 1336 దాకా జీవించిన రాణి. కరువు వేళ పవిత్రాత్మకి తన కిరీటమే మొక్కుకుందని, బీదవాళ్లని తన బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించిందని కథ. అందుకే పండగలో ఊరి మామూలు మనిషి తలమీద వెండి కిరీటం పెడతారు. చేతిలో రాజదండం, దాని కొసన పావురం. నడిపేది చర్చి అధికారులు కాదు, ఊరివాళ్ల సంఘం. ఆరోజు అన్నం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఉచితం.

ఏడు వారాల ముందు నుంచీ కిరీటం వారానికొక ఇంట్లో ఉంటుంది. రోజూ సాయంత్రం ఆ ఇంట్లో జపమాల ప్రార్థన, తర్వాత తిండి. న్యూ బెడ్‌ఫర్డ్‌లోనూ ఇదే పద్ధతి. మేం ఉన్న ఏడు ఒక వారం కిరీటం వవో ఇంటికి వచ్చింది. ముందు గది నిండా పూలు, కాగితపు పూలు, దీపాలు. మమ్మల్ని కిందకి పిలిచి కుర్చీలు వేసింది. మేం చేతులు జోడించుకుని కూర్చున్నాం. మీ ప్రార్థన వేరు కదా అని ఎవరో అంటే, "వాళ్ల ఇల్లు కూడా ఇదే" అంది.

పొద్దున్న ఊరేగింపు. ముందు బ్యాండు, వెనక జెండాలు, ఆ వెనక కిరీటం పట్టుకుని ఒక చిన్నపిల్ల. ఈ దీవుల్లో చిన్న పల్లెకి కూడా సొంత బ్యాండు ఉంటుంది. పదమూడేళ్ల అమ్మాయి క్లారినెట్ వాయిస్తుంటే పక్కన వాళ్ల తాత ట్రంపెట్. మనవరాలు వవో ఫోటో గుండెలకి పట్టుకుని నడిచింది.

వంటలు తెల్లవారకముందే మొదలయ్యాయి. చెరువంత గిన్నెల్లో గొడ్డుమాంసం, క్యాబేజీ, దాల్చినచెక్క, మసాలా మూట. పెద్ద పళ్లేల్లో రొట్టె ముక్కలు పేర్చి, పైన పుదీనా రెమ్మలు పరిచి, మరిగే పులుసు పోసి మూత పెడతారు. మూత తీయగానే పుదీనా వాసన హాలంతా కమ్ముకుంది. దీన్నే సోపాస్ అంటారు. ఆ రొట్టెలు ఈసారి వవో కుటుంబం మొక్కుబడి. తియ్యరొట్టె మాసా సొవాడా కూడా వాళ్లదే. పొడుగాటి బల్లలకి అటూ ఇటూ మూడు తరాలు కూర్చున్నాయి, టూరిస్టులు కూడా. ఎవర్నీ ఎవరూ ఎవరని అడగలేదు.

నేను గొడ్డుమాంసం తినను. మా నలుగురిలో ఎవరమూ తినం. న్యూ బెడ్‌ఫర్డ్ చర్చి హాల్లో మొదటిసారి ఈ విందుకి పిలిచినప్పుడు వెళ్లాలా వద్దా అని మాలో మేం టెన్షన్ పడ్డాం. వెళ్లేసరికి చివరి స్టవ్ మీద చిన్న గిన్నె వేరుగా ఉంది. బీన్స్, కేల్, బంగాళాదుంప, ఉల్లిపాయ, పుదీనా. గరిటె కూడా వేరు, దాని పిడికి ఎర్ర దారం కట్టి ఉంది, ఎవరూ పొరపాటున దాంట్లో పెద్ద గిన్నె గరిటె ముంచకుండా. మేం అడగలేదు. మా ఫ్రిజ్ చూసి, మా చెత్తబుట్ట చూసి ఆవిడే గ్రహించింది. నేను చూసిన మంచితనాల్లో ఆ ఎర్ర దారానికి మించింది లేదు. మనసులో జాలి ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, గరిటె దాకా ఆలోచించేవాళ్లు తక్కువ.

ఈరోజు ఆ సంగతి కూతురు వంటవాళ్లకి చెప్పిందేమో, నా ముందుకి పుదీనా వేసిన కేల్ పులుసు, తియ్యరొట్టె, దాల్చినచెక్క పొడితో ముగ్గులా గీతలు వేసిన పాలన్నం వచ్చాయి.

భోజనాల మధ్యలో ఒక పెద్దాయన వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. ఊరు కూలినప్పుడు వవో కుటుంబాన్ని దీవి అవతలి వైపు ఒక ఇంట్లో పెట్టుకున్నారు. రెండేళ్లు, అద్దె లేకుండా. ఆ ఇంటి చిన్న కొడుకు ఈయన. అప్పటికి ఆరేళ్లు. "మీ అమ్మ నాకు అక్షరాలు నేర్పింది, పొయ్యి బూడిదలో వేలితో రాయించి" అన్నాడు. వాళ్ల ఇంట్లో అప్పటికే తొమ్మిదిమందట, పైన ఈ ఏడుగురు. ఎలా సరిపెట్టుకున్నారని మనవరాలు అడిగింది. ఆయనకి ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. ఊరంతా అంతే కదా, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు అన్నాడు.

న్యూ బెడ్‌ఫర్డ్‌లో మంచం ఇచ్చిన మనిషి ఎవరో తెలియకపోయినా, ఇక్కడ అన్నం పెట్టిన మనిషి దొరికాడు. కూతురు ఆయన రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సోమవారం, పికో

పవిత్రాత్మ సోమవారం అజోర్స్ స్వయంపాలిత ప్రాంత దినం, అంతటా సెలవు. ఓర్తా నుంచి పికో దీవి రేవు మదలేనాకి అరగంట ఫెర్రీ. వవో భర్త పికోవాడు. ఆయన్ని నేను చూడలేదు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో చేపల పడవ మీద పనిచేసి, నేను వెళ్లకముందే పోయాడు. అక్కడి తిమింగలాల మ్యూజియంలో అజోర్స్ వేటగాళ్లకి ఒక గ్యాలరీయే ఉంది. 19వ శతాబ్దంలో న్యూ బెడ్‌ఫర్డ్ ఓడలు ఓర్తాలో ఆగి ఇక్కడి కుర్రాళ్లని ఎక్కించుకుపోయేవి. ఈ రెండు తీరాల బంధుత్వం అలా మొదలైంది.

పికోలో లావా రాళ్లు పేర్చి కట్టిన చిన్న చిన్న గోడల మధ్య ద్రాక్ష పెంచుతారు. ఉప్పుగాలి తగలకుండా ఆ గోడలు కాపాడతాయి. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. నల్లరాళ్ల మధ్య ఒక్కో తీగ. వవో పెరట్లో పందిరి కింద ఎందుకు అన్ని రాళ్లు పేర్చి ఉండేవో, అవి ఎవరి చేతిపనో అర్థమైంది. వాన పట్టుకుంది, సాయంత్రం ఫెర్రీకే వచ్చేశాం.

మంగళవారం, తిరుగు ప్రయాణం

విమానంలో కూతురు ఇంటి విషయం ఎత్తింది. రైలు వచ్చాక న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఇళ్ల ధరలు, అద్దెలు ఎక్కడికో వెళ్లిపోతున్నాయి. అన్నదమ్ములు అమ్మేద్దామంటున్నారు. వాళ్లని తప్పుపట్టలేను, ఒకాయనకి ఆరోగ్యం బాలేదు, డబ్బు అవసరం. కానీ ఆ ఇల్లు అమ్మితే రెండో అంతస్తు వాళ్లు ఎక్కడికి పోతారు? మేడమీద ఆగస్టులో కొత్తగా దిగబోయే పిల్లలు? బేస్‌మెంట్ అరలు? నా అభిప్రాయం అడిగితే దాచుకోకుండా చెప్పాను, అమ్మొద్దని. కనీసం రెండేళ్లు ఆగమని. ఆ రెండేళ్లలో అన్నగారి వాటాకి కావాల్సిన లోను దొరుకుతుందేమో చూద్దామని, లెక్కలు వేయడానికి నేను సాయం చేస్తానని అన్నాను. మనవరాలు తన పొదుపు ఎంతుందో చెప్పింది. కూతురు ఏదీ తేల్చలేదు. లాప్‌టాప్ తీసి, ఈ ఏడాదికి మాత్రం అద్దె పెంచడం లేదని నోటీసు రాయడం మొదలుపెట్టింది. పోర్చుగీసులో తను, స్పానిష్‌లో మనవరాలు.

"తెలుగులో నువ్వు రాయి" అంది. మేడమీద పిల్లలకి ఇంగ్లీషు వచ్చు కదా అన్నాను. వవో ఉన్నప్పుడు చెత్తబండి రోజు దగ్గర్నుంచి మెట్లమీద మంచు జాగ్రత్త దాకా ప్రతి కాగితం మూడు భాషల్లోనూ ఉండేదట. గ్రాడ్యుయేషన్ పండక్కి ఆ పిల్లల అమ్మానాన్నలు వచ్చి నెలలపాటు ఉంటారు, పగలంతా ఒక్కళ్లే ఇంట్లో ఉంటారు, వాళ్లు చదువుకోవద్దా అనేదట.

రాశాను. అద్దె సంగతి కింద ఇంకో లైను కూడా చేర్చాం: సెప్టెంబర్ మొదటి శనివారం బేస్‌మెంట్‌లో మిరపకాయల పని ఉంటుంది, చింతపండు మీరు తెచ్చుకోండి.